నీళ్ళు తిరిగి అప్పగించని డైపర్

పసిపిల్లలకు ఆఫీసు నిబంధనలు తెలియవు. ఎప్పుడు పడితే అప్పుడు, ఎవరి ఒళ్ళో పడితే వాళ్ళ ఒళ్ళో, ఎవరి అనుమతీ లేకుండా పని కానిచ్చేసి పైగా బోసినవ్వు నవ్వుతారు. ఈ క్రమశిక్షణారాహిత్యాన్ని శాస్త్రీయంగా ఎదుర్కోవడానికే గుంటూరు శివార్లలో ప్రాంతీయ శోషణ పరిశోధనా కేంద్రం వెలిసింది. పెద్ద గేటు, గేటు దగ్గర లావుపాటి గార్డు, లోపల రెండంతస్తుల భవనం, భవనం నిండా తడి అంటే హడలిపోయే మనుషులు.

ఆ కేంద్రంలో పరిమళ ఇంజనీరు. పోయినేడు బిడ్డను కన్నది. కన్నది వానల్లో. పొత్తిగుడ్డలు ఆరక ఇంట్లో ప్రతి కుర్చీ మీదా, ప్రతి తలుపు మీదా, చివరికి దేవుడి గది కిటికీకి కూడా వేలాడేసింది. పిల్లవాడి తొడలు కందిపోయి వాడు ఏడుస్తుంటే పక్కన కూర్చుని తనూ ఏడ్చింది. పరిమళకు కోపం వస్తే అరవదు, ఏదో ఒక పని పెట్టుకుంటుంది. సెలవు అయిపోగానే ఆఫీసుకొచ్చి ఒక డైపర్ తయారు చేసింది.

చూడటానికి అది మామూలు డైపరే. కష్టమంతా పొరల్లో ఉంది. ఒంటికి తగిలే పై పొర తడిని తన దగ్గర ఉంచుకోకుండా వెంటనే కిందికి దింపేస్తుంది. దాని కింది పొర ఆ తడిని ఒక్కచోటే మడుగు కట్టనివ్వకుండా అటూ ఇటూ పంచుతుంది. మూడో పొరలో మెత్తటి నార, నార మధ్య సన్నటి గింజలు. తడి తగిలితే ఆ గింజలు ఉడికిన సగ్గుబియ్యంలా ఉబ్బి, పట్టుకున్న నీటిని పిండినా వదలవు. అట్టడుగు పొర గాలిని రానిస్తుంది గాని చుక్కను పోనివ్వదు. ఏ పొర పని ఆ పొర చేసుకుంటూ, పక్క పొర పనికి అడ్డం రాదు. ఆ భవనంలో అలాంటి ఏర్పాటు అంతకుముందు ఎవరూ ఎరగరు.

ఈ డైపర్ కోసం ఒకరు కాచుకుని కూర్చున్నారు. ఊళ్ళోని సర్కారు ఆసుపత్రిలో పిల్లల వార్డు చూసే డాక్టర్ నసీమా పరిమళకు ఇంటర్ నాటి స్నేహితురాలు.

"వానలు వచ్చేస్తన్నాయే," అంది ఫోన్లో. "పోయినేడు వార్డంతా తాళ్ళు కట్టి గుడ్డలారేశాం. ఆరితేగా? సగం తడిగుడ్డలే చుట్టబెట్టాం. పిల్లలకి ఒళ్ళు ఒరిసిపోయి పుళ్ళు పడ్డాయి. మీ కేంద్రం ఆమోదిస్తేనే వార్డుకి డైపర్లు ఊరికే ఇస్తారంట. వానల్లోపు ఇప్పించవే, నీకు పుణ్యముంటది."

"ఒక్క పరీక్షే మిగిలిందే. నీళ్ళు పోసి చూడాలి, అంతే," అంది పరిమళ ధీమాగా.

నీళ్ళు పోయడంలోనే వచ్చింది చిక్కంతా. పిల్లల మూత్రానికి బదులుగా పరీక్షకు వాడే ఉప్పునీళ్ళు స్టోర్స్ నుంచి తీసుకోవాలి. కాగితాల్లో దాని పేరు 'సంబంధిత ద్రవం'. అసలు పేరు ఉన్నత విలువలకు భంగకరమని డైరెక్టర్ గారు ఎప్పుడో నిషేధించారు. ఇక స్టోర్స్ ఆచారం ఏమిటంటే, పొద్దున తీసుకున్నది ఏదైనా సాయంత్రం తిరిగి అప్పగించాలి. ఆ మధ్య ఒకాయన గుడ్డకు నిప్పు ఎంత తొందరగా అంటుకుంటుందో పరీక్షిస్తే, సాయంత్రం బూడిద తూచి జమ చేసుకున్నారు. తగ్గిన బరువుకు పొగను బాధ్యుణ్ణి చేసి దాని మీద విచారణ వేశారు. ఆ విచారణ ఇంకా నడుస్తూనే ఉంది.

స్టోర్స్ సూపరింటెండెంటు దైవాధీనం చెడ్డవాడు కాడు. పిల్లలంటే ప్రాణం. కాకపోతే స్టోర్స్ అంటే ఇంకాస్త ఎక్కువ ప్రాణం. సాయంత్రం పరిమళ తెచ్చిన డైపర్‌ను బల్ల మీద పెట్టించుకుని, ఖాళీ సీసాను వెలుతురుకు ఎత్తి చూశాడు.

"ద్రవం ఏదమ్మా?"

"డైపర్ పీల్చుకుంది సార్."

"డైపర్ పీల్చుకుంటే నాకేంది? ఇండెంట్ కాగితం మీద సంతకం డైపర్‌ది కాదుగా, మీది."

"పీల్చుకోవడమే సార్ దాని పని."

"దాని పనిని నేను కాదంటంలా. పనైపోయినాక తీసుకున్నది తీసుకున్నట్టు ఇచ్చెయ్యాలిగా. మేం ఇచ్చిన కత్తెర మీరు మింగేస్తే ఊరుకుంటామా?"

ఆయన డైపర్‌ను రెండు చేతులా పిండాడు. నేల మీద వేసి తొక్కాడు. చివరికి గేటు దగ్గర గార్డును పిలిపించాడు. గార్డు దాని మీద కూర్చుని, కాసేపు కుదురుకుని, లేచి వెనక తడుముకుని చూసుకున్నాడు.

"పొడిగానే ఉందండీ," అన్నాడు.

ఏ ప్రయోగశాలలోనూ అంతకంటే గట్టి పరీక్ష జరగదు. పరిమళకు లోలోపల సంతోషం పొంగిపోయింది. ఆ సంతోషంలో ఉండగానే దైవాధీనం నోట్ రాసేశాడు: 'సదరు వస్తువు ప్రభుత్వ ద్రవాన్ని తన స్వాధీనంలో ఉంచుకుని, పలుమార్లు కోరినప్పటికీ తిరిగి అప్పగించుటకు నిరాకరించినది.'

మర్నాడు డైరెక్టర్ గది నుంచి పిలుపొచ్చింది. డైరెక్టర్ డాక్టర్ వేదాద్రి గారు మాట్లాడితే ఎదురుగా ఒక్కరే ఉన్నా సభను ఉద్దేశించి మాట్లాడినట్టే ఉంటుంది.

"పరిమళగారూ, శోషణ అనగా ఏమిటి?"

"తడిని పట్టి ఉంచడం సార్."

"అది సంకుచిత దృక్పథం. శోషణ అనగా స్వీకరణ. స్వీకరించినవారు జవాబుదారీ వహించాలి. తీసుకున్నదానిని తిరిగి ఇవ్వని ఒక వస్తువును, ఈ కేంద్రం ముద్రతో, నేను ప్రజాబాహుళ్యంలోకి ఏ ముఖంతో పంపను?"

"తిరిగి ఇస్తే బిడ్డ ఒంటికే కదా సార్ తగిలేది? మా పనిలో అదే పెద్ద లోపం. డైపర్ మీద నొక్కినప్పుడు తడి ఎంత పైకొస్తే అది అంత పనికిమాలినదని లెక్క."

వేదాద్రి గారు జాలిగా నవ్వారు.

"బిడ్డ కోణంలో అది లోపం కావచ్చు. సంస్థాగత కోణంలో దాని పేరు నిజాయితీ."

ఆ వారమే కొత్త ప్రమాణం వచ్చింది. పేరు 'ప్రత్యర్పణ సామర్థ్యం'. ఎంత తీసుకుంటే అంతా తిరిగి ఇచ్చేదే ఉత్తమ డైపర్. మార్కెట్లోని నమూనాలన్నీ తెప్పించి నీళ్ళు పోసి చూశారు. పరిమళ డైపర్‌కు సున్నా వచ్చింది. గోనెసంచి ముక్క సగం పైన తెచ్చుకుంది. పాత వానకోటు చేయి ఒకటి దాదాపు అంతా ఇచ్చేసింది. పోసిన నీళ్ళు పోసినట్టు ఇచ్చి మొదటి స్థానంలో నిలిచింది క్యాంటీన్ స్టీలు కంచం. కంచాన్ని బిడ్డకు కట్టడం ఎలా అన్న విషయం మీద ఒక ఉపసంఘం వేశారు. ఉపసంఘం రెండుసార్లు భోంచేసి, కంచం అంచులు గుచ్చుకునే అవకాశాన్ని తోసిపుచ్చలేమని తేల్చింది.

ఇక లాభం లేదని వేదాద్రి గారే నడుం బిగించి, పరిమళను పక్కన కూర్చోబెట్టుకుని కొత్త డైపర్‌కు రూపకల్పన చేశారు. దానికి 'ప్రత్యర్పణి' అని పేరు పెట్టారు.

"దీనికి నమూనా కోసం విదేశాలు పోనక్కరలేదు. మన కార్యాలయమే నమూనా," అన్నారు బోర్డు మీద గీతలు గీస్తూ. "మొదటి పొర సంబంధిత ద్రవాన్ని స్వీకరిస్తుంది. రెండవ పొర తగు చర్య నిమిత్తం కిందికి పంపుతుంది. మూడవ పొర క్షుణ్ణంగా పరిశీలించి, పైకి తిప్పి పంపుతుంది."

"అడుగు పొర ఏం చేస్తుంది సార్?"

"పర్యవేక్షిస్తుంది."

పరిమళకు నవ్వాలో ఏడవాలో తోచలేదు. ఇంటికెళ్ళే బస్సులో ఆకాశం చూసింది. పడమట మబ్బు పడుతోంది. అది చూడగానే నవ్వు సంగతి మర్చిపోయింది.

ఆ రాత్రి పిల్లవాణ్ణి జోకొడుతుంటే ఒక ఆలోచన వచ్చింది. గొడవంతా నీళ్ళు స్టోర్స్‌వి కావడం వల్లే. బిడ్డవే అయితే? బిడ్డ సొంత ఆస్తిని స్టోర్స్ ఎలా అడుగుతుంది? మర్నాడు సెలవు పెట్టి, స్టోర్స్ లెక్కలో ఉన్న డైపర్లు సంచీలో వేసుకుని నసీమా వార్డుకు వెళ్ళింది. తల్లులకు విషయం చెప్పి, ఒప్పుకున్నవాళ్ళ పిల్లలకు కట్టింది. మరియమ్మ అనే ఆవిడ కొడుకు పుట్టి నెల దాటింది, ఇంకా పేరు పెట్టలేదు. ఒళ్ళు ఒరిసిపోయి రెండు రోజులుగా ఎవరినీ నిద్రపోనివ్వట్లేదు. డైపర్ కట్టాక వాడు పాలు తాగి పడుకున్నవాడు పొద్దెక్కేదాకా లేవలేదు.

"ఊపిరాడతందా లేదా అని ముక్కు కాడ చెయ్యి పెట్టి చూశానండీ," అంది మరియమ్మ. "ఇంత నిద్ర వీడెప్పుడూ పోలా."

నసీమా పరిమళ చెయ్యి పట్టుకుని గట్టిగా నొక్కింది.

పరిమళ ఉత్సాహంగా ఆ డైపర్లు స్టోర్స్‌లో అప్పగించింది. దైవాధీనం వాటిని తక్కెడలో పెట్టి అదిరిపడ్డాడు.

"ఇచ్చినప్పటికంటే బరువెక్కినయ్యేందమ్మా?"

"ఆ తడి మీది కాదు సార్. పిల్లలది."

"అదేగా చచ్చే చావు! తక్కువైతే మీరు తిన్నారని రాసి పారేస్తాం. ఎక్కువైతే యాడనుంచి వచ్చిందో నేను చెప్పుకోవాల. బయటివాళ్ళ సొత్తు మా కాడుంది. రేప్పొద్దున వాళ్ళొచ్చి మాది మాకియ్యమంటే?"

అడగరని ఎంత చెప్పినా ఆయన వినలేదు. స్టాంపు ప్యాడు పట్టుకుని స్వయంగా వార్డుకు వచ్చాడు. ప్రతి బిడ్డ దగ్గరా ఆగి, బుగ్గ నిమిరి, బొటనవేలికి సిరా పూసి, ద్రవాన్ని తమంతట తామే స్వచ్ఛందంగా ఇచ్చినట్టు ముద్ర వేయించుకున్నాడు. తల్లుల చేత సాక్షి సంతకాలు పెట్టించాడు. మరియమ్మ దగ్గరికి వచ్చేసరికి ఆవిడకు అనుమానం వచ్చింది.

"ఏం రాశారండీ ఇందులో?"

"మీవాడిది తిరిగి ఇయ్యమని మీరు అడగరని రాశామమ్మా."

"మావాడు పోసింది మేమెందుకు అడుగుతామండీ!"

వార్డంతా గొల్లున నవ్వింది. దైవాధీనం మాత్రం ఆ మాట కూడా రాసుకుని, కింద ఆవిడ సంతకం తీసుకున్నాడు.

ఇంత చేసినా ఫలితం లేకపోయింది. వ్యక్తుల నుంచి ద్రవరూప విరాళాలు స్వీకరించే అధికారం కేంద్రానికి లేదని వేదాద్రి గారు తేల్చి, వాడినవాటితో పాటు మిగిలిన డైపర్లన్నిటికీ సీలు వేయించి మూలగదిలో పెట్టించారు. పరిమళ డైపర్ అనర్హం. ప్రత్యర్పణి అర్హం. కేంద్రం మీద అజమాయిషీ చేసే కమిషనర్ గారు వచ్చి ఆమోదించడమే తరువాయి. ఆ మాట విన్న సాయంత్రం పరిమళ బాత్రూంలోకి వెళ్ళి కుళాయి తిప్పి, ఆ చప్పుడులో కరువుదీరా ఏడ్చింది. బయటికొచ్చాక నసీమాకు ఫోన్ చేయాలంటే ధైర్యం చాలలేదు.

కమిషనర్ గారు వచ్చిన రోజున వాన మొదలైంది. ఆయన తెల్లచొక్కా, తెల్లప్యాంటు వేసుకుని, గొడుగు కింద ఒక్క చుక్క పడకుండా లోపలికి వచ్చారు. వేదాద్రి గారు మరియమ్మను, బిడ్డను కారు పంపి రప్పించారు. బిడ్డ సమయానికి సహకరిస్తాడో లేదోనన్న ముందుచూపుతో, స్టోర్స్ నుంచి తెప్పించిన సంబంధిత ద్రవాన్ని అందరూ చూస్తుండగా ప్రత్యర్పణిలో పోశారు. అది చక్కగా స్వీకరించింది. దాన్ని బిడ్డ లాగు మీంచి కట్టి, ఫోటో కోసం బిడ్డను కమిషనర్ గారి చేతికిచ్చారు. ఆయన ముద్దుగా గుండెకు హత్తుకున్నారు.

ప్రత్యర్పణి తన ధర్మం తాను నిర్వర్తించింది. తీసుకున్నదంతా, ఒక్క చుక్క దాచుకోకుండా, ఒక్కసారే తిరిగి ఇచ్చేసింది. చొక్కా ముందుభాగం మొత్తం తడిసి, తడి ప్యాంటు దాకా జారింది. బిడ్డ గుక్కపట్టి ఏడ్చాడు. మరియమ్మ పరుగున వచ్చి వాణ్ణి లాక్కుంది.

"నూటికి నూరు!" అని వేదాద్రి గారు చప్పట్లు కొట్టారు.

కమిషనర్ గారు చప్పట్లు కొట్టలేదు. సెక్రటేరియట్‌లో మీటింగు ఉందని కారు వైపు నడిచారు. గేటు దగ్గర గార్డు కారు ఆపాడు. వెనకాలే దైవాధీనం సీసా పట్టుకుని, వానలో తడుస్తూ వచ్చాడు.

"అయ్యా, క్షమించాలి. స్టోర్స్ ద్రవం తమరి చొక్కాలో ఉండిపోయింది. జమ కాకుండా గేటు దాటనిస్తే నా ఉద్యోగం పోద్ది. తమరు చొక్కా ఇప్పితే పిండుకుంటాను."

"నేనెవరో తెలుసా మీకు?"

"తెలుసండీ. అందుకే మర్యాదగా అడుగుతున్నా."

కమిషనర్ గారిని వెనక్కి తీసుకొచ్చి డైరెక్టర్ గదిలో బనియనుతో కూర్చోబెట్టారు. చొక్కా పిండితే ఎంతో రాలేదు. బనియను సంగతి ఏమిటని దైవాధీనం వినయంగా అడిగాడు. కమిషనర్ గారు ప్యాంటు అంచులు బిగించి పట్టుకున్నారు. ఆయన ముఖం చూసి పరిమళకు జాలేసింది. తడి గుడ్డల్లో ఉన్నవాళ్ళను చూస్తే ఆమెకు ఎప్పుడూ అంతే. మూలగదిలో సీలు విప్పి, వాడని తన డైపర్ ఒకటి తెచ్చి, ఆయన ఛాతీ మీద పెట్టి అదిమి పట్టుకుంది. కాసేపయ్యాక తీసి, "చూసుకోండి సార్," అంది.

కమిషనర్ గారు బనియను తడుముకున్నారు. దాదాపు ఆరిపోయింది. డైపర్ పైభాగం తడిమారు. అదీ పొడిగానే ఉంది.

"ఇదేంటమ్మా?"

"డైపర్ సార్. నేను చేశాను."

"ఇంత మంచిది పెట్టుకుని బిడ్డకు ఆ దిక్కుమాలినది కట్టారేంటయ్యా?"

వేదాద్రి గారు గొంతు సవరించుకున్నారు. "ఇది ప్రమాణాలలో విఫలమైనది సర్. తీసుకున్నది తిరిగి ఇవ్వదు."

"ఇవ్వకపోతే ఇంకా మంచిది! వెంటనే ఆమోదించండి. కావలసినన్ని తయారు చేయించండి."

పరిమళ గుండె ఒక్క ఎగురు ఎగిరింది.

"పిల్లల వార్డుల తనిఖీకి వెళ్ళే ప్రతి అధికారికీ ఇవ్వండి," అన్నారు కమిషనర్ గారు. "ఛాతీకి ఒకటి, ఒళ్ళోకి ఒకటి."

"మరి పిల్లలకు సార్?" అంది పరిమళ.

"పిల్లలకు అదేదో ప్రత్యర్పణి ఉందిగా. పాపం డైరెక్టర్ గారు అంత కష్టపడ్డారు."

దైవాధీనం ఒక్కడే ఇంకా కదల్లేదు. ఈ డైపర్ ద్రవం తిరిగి ఇవ్వదు కదా, దీన్ని ఎట్టా జమ చేసుకోవాలని అడిగాడు. వేదాద్రి గారు క్షణం ఆలోచించి, అధికారుల రక్షణ సామగ్రి వాడగానే ఖర్చయిపోయినట్టేనని, దాన్ని తిరిగి అడగడం అమర్యాద అని సెలవిచ్చారు. దైవాధీనం ఊపిరి పీల్చుకుని సీసాకు మూత పెట్టాడు. కమిషనర్ గారి కారు గేటు దాటింది.

ఆ విధంగా పరిమళ డైపర్ 'పర్యవేక్షక అధికారుల రక్షణ వస్త్రం' అయింది. వాడే పద్ధతి రాసి ఇమ్మని ఆమెకే పురమాయించారు. కాగితం ముందు పెట్టుకుని ఆమె కిటికీ వైపు చూసింది. బయట వాన పడుతూనే ఉంది. నసీమా వార్డులో ఈపాటికి తాళ్ళు కట్టేసి ఉంటారు. తలుచుకున్న కొద్దీ కోపం వచ్చింది. కోపం వస్తే ఆమె అరవదు కదా, కలం తీసుకుని రాయడం మొదలుపెట్టింది.

వేదాద్రి గారు అది చదువుతూ ఒకచోట ఆగిపోయారు.

"అధికారి రక్షణ వస్త్రాన్ని బిడ్డ నడుముకు కట్టమంటారేమిటి?"

"ప్రమాదం పుట్టేది అక్కడే కదా సార్. పుట్టినచోటే ఆపితే అధికారి దాకా రాదు."

"అది సబబే. మరి 'పగలూ రాత్రీ, తడిసినప్పుడల్లా మారుస్తూ' అని ఎందుకు?"

"అధికారులు ఎప్పుడు తనిఖీకి వస్తారో ఎవరికి తెలుసు సార్? చెప్పాపెట్టకుండా వచ్చి, ఏ బిడ్డను ఎత్తుకుంటారో? ఒక్క బిడ్డను వదిలేసినా ఆ బిడ్డనే ఎత్తుకుంటే?"

వేదాద్రి గారికి తెల్లచొక్కా గుర్తొచ్చినట్టుంది. కుర్చీలో నిటారుగా కూర్చున్నారు.

"నిరంతర సన్నద్ధత!" అని, ఒకటికి రెండుచోట్ల సంతకం పెట్టారు.

పెట్టెలు వార్డుకు చేరిన రోజు నసీమా ఒకటి విప్పి, పైన రాసి ఉన్నది చదివి, పరిమళ వైపు వింతగా చూసింది.

"'అధికారుల వాడకానికి మాత్రమే' అనుందేందే?"

"అవును. కట్టు," అంది పరిమళ.

మరియమ్మ కొడుకుతో మొదలుపెట్టి వరసగా అందరికీ కట్టారు. ఆయాలు తాళ్ళు విప్పి చుట్టేశారు. ఆ వానాకాలమంతా పిల్లల వార్డులో ఒక్కొక్క బిడ్డా ఒక్కొక్క అధికారి చొక్కాను కాపాడుతూ, కాళ్ళు బార్లా చాపుకుని, పొడిపొడిగా నిద్రపోయింది. అధికారులు మాత్రం ఒక్కరూ అటు రాలేదు.